కీలు కొత్తది... కండరం పాతది!

తుంటి కీలు మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్లున్న ఇళ్లలో మూణ్నెల్లు తిరిగేసరికి ఓ మాట వినిపిస్తుంటుంది. 'లక్షలు పోసి ఆపరేషన్ చేయించాం. అయినా కుంటుతూనే ఉన్నారు. కీలు సరిగ్గా కూర్చోలేదేమో!' తీరా ఎక్స్‌రే తీస్తే కీలు చక్కగానే ఉంటుంది. మరి లోపం ఎక్కడ? చాలాసార్లు దాని చుట్టూ ఉన్న కండరాల్లో, వాటిని ఎముకకు తాడులా పట్టి ఉంచే టెండన్లలో!

ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ 1962లో ఈ ఆపరేషన్‌కి ఓ రూపం తెచ్చాక కృత్రిమ కీళ్లు ఎన్నో మెరుగులు దిద్దుకున్నాయి. కండరాలు మాత్రం ఇప్పటికీ తమ తీరిక ప్రకారమే కోలుకుంటాయి. నొప్పికి భయపడి ఏళ్ల తరబడి ఆ కాలిమీద భారం వేయకపోవడంతో అవి ముందే చిక్కిపోయి ఉంటాయి. దానికితోడు కీలును చేరడానికి సర్జన్ కొన్ని కండరాలను పక్కకు జరపాలి, కొన్ని పద్ధతుల్లో టెండన్‌ను కోసి తిరిగి కుట్టాలి. ఆ కుట్టు గట్టిపడటానికి వారాలు, పూర్వపు బలం రావడానికి నెలలు పడుతుంది.

నొప్పి ఎక్కడ?

తుంటి బయటివైపు నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, అడుగు వేస్తే ఒంగిపోవడం... ఇవి పిరుదు పక్క కండరాల బలహీనతకు గుర్తులు. ఒంటికాలిమీద నిలబడినప్పుడు నడుము రెండోవైపు వాలిపోకుండా ఆపేవి అవే. మెట్లెక్కేటప్పుడు, కారులోకి కాలు ఎత్తిపెట్టేటప్పుడు గజ్జల్లో నొప్పి వస్తుంటే తొడను పైకెత్తే టెండన్ కొత్త కీలు గిన్నె అంచుకు ఒరుసుకుంటోందేమో చూడాలి. ఇవేవీ ఎక్స్‌రేలో కనిపించవు. అల్ట్రాసౌండ్, ఎమ్మారై అవసరం కావచ్చు. చాలామందికి వ్యాయామాలతో తగ్గుతుంది. కొందరికి ఇంజక్షన్, టెండన్ తెగిపోతే మళ్లీ ఆపరేషన్ అవసరమవుతాయి.

ఇంట్లోవాళ్ల వంతు

'కదలకమ్మా' అంటూ మంచానికే పరిమితం చేస్తే కండరం మరింత కరిగిపోతుంది. అలాగని పక్కింటాయన చేసిన వ్యాయామాలే చేయించకూడదు. టెండన్ కుట్టినవాళ్లు కాలిని పక్కకు ఎత్తే వ్యాయామం డాక్టరు సరేననేదాకా చేయకూడదు. నేలమీద కూర్చోవడమూ అంతే. ఇక చేతికర్ర... చాలామంది ఆపరేషన్ అయినవైపే పట్టుకుంటారు. రెండో చేత్తో పట్టుకుంటేనే బలహీనపడ్డ కండరానికి భారం తగ్గుతుంది.

జ్వరం, గాయం నుంచి చీము, పిక్కలో వాపు, ఆయాసం, ఉన్నట్టుండి కాలు మోపలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు ఇంటికి పంపే రోజే డాక్టరును రెండు ప్రశ్నలు అడగాలి. 'ఏ కండరాన్ని కోసి కుట్టారు? దానికి ఎప్పటినుంచి పని చెప్పొచ్చు?' ఆ జవాబుల్ని ఓ కాగితంమీద రాయించుకుని ఫిజియోథెరపిస్టు చేతికివ్వండి. కుంటు తగ్గడానికి అసలైన వైద్యం అక్కణ్నుంచే మొదలవుతుంది.