డెల్టా ఇంటికి రాయి ఎక్కడిది?

నది మోసుకొచ్చిన ఒండ్రు మందంగా పేరుకున్న కృష్ణా డెల్టాలో రాయి దొరకదు గనుక, ఘంటసాల బౌద్ధ స్తూపాన్ని సైతం ప్రధానంగా ఇటుకతో కట్టి, శిల్ప ఫలకాలకు మాత్రం బయటి సున్నపురాయిని వాడారు. డెల్టా అంచునున్న గన్నవరంలో నేడు లేచే భవనాలకూ రాయి ఇతర ప్రాంతాల నుంచే వస్తుంది.

వాటిలో అతి సమీపమైనది విజయవాడ కొండల రాయి. తూర్పు కనుమలకు చెందిన ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే శిలను, ఆ కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరిట, ఖోండలైట్ అంటారు. ఒకప్పుడు బురదగా పేరుకున్న మట్టి పొరలు భూగర్భంలో లోతుకు దిగి, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ కరగకుండానే కొత్త ఖనిజాలుగా మారిపోగా ఏర్పడిన రూపాంతర శిల ఇది. దానిలోని ఎర్రని చుక్కలు గార్నెట్లు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఈ రాయితోనే కోణార్క ఆలయంలో అధిక భాగాన్ని నిర్మించారు. అయితే ఇందులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం గాలికీ నీటికీ క్రమంగా మట్టిగా మారుతుంది కాబట్టి శిల్పాలు అరిగిపోతాయి. 1852-55 నడుమ కృష్ణపై కట్టిన తొలి ఆనకట్టకు రాయినిచ్చిన ఈ కొండలకు, నున్నని పలకల మోజులో, దక్కవలసిన గౌరవం దక్కలేదనే చెప్పాలి.

వంటింటి గట్టుకు వేసే, బంగారు మెరుపుల నల్లరాయి చీమకుర్తిది. అంగట్లో దానిని గ్రానైట్ అంటున్నా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లు ప్రధానంగా ఉండే అసలు గ్రానైట్‌కు అది వేరు. శిలాద్రవం లోతున నెమ్మదిగా చల్లబడి పెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టిన గాబ్రో జాతి శిల అది. ఆ మెరుపు లోహానిది కాదు, కాంతిని తిప్పికొట్టే పైరాక్సీన్ అనే ఖనిజానిది.

పల్నాటి నాపరాయి పుట్టుక ఇందుకు భిన్నం. ప్రాచీన సముద్రపు అడుగున సున్నపు బురద పొరలుగా దిగి గట్టిపడినందువల్లే అది పలకలుగా చీలుతుంది. అమరావతి శిల్పాలు చెక్కిన రాయి కూడా పల్నాటి సున్నపురాయే. సున్నపురాయిని ఆమ్లం కరిగిస్తుంది కనుక నాపరాతి నేలను యాసిడ్‌తో కడగరాదు, నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవాలి.