వార్తల్లో పదం: పౌర దౌత్యం

రాయబారుల ప్రమేయం లేకుండా మామూలు మనుషులే పరదేశీయులతో నెరిపే స్నేహ సంబంధాలను పౌర దౌత్యం అంటారు. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దీనికి ఊపునిచ్చారు. అక్కడి విదేశాంగ శాఖ పిలిచే అతిథులకు ఊరూరా స్వచ్ఛంద సంస్థలు ఆతిథ్యమిస్తాయి. భోజనానికి ఇంటికి పిలుస్తాయి, అదే వృత్తిలోని స్థానికులతో కలుపుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు దీనికి దగ్గరి రూపం రోటరీ క్లబ్బులు. ఇవి రోటరీ 3020 డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. 1965 నుంచి 2013 దాకా రోటరీ ‘గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్’ నడిపింది. రోటరీ సభ్యులు కాని యువ వృత్తి నిపుణులు నాలుగు నుంచి ఆరు వారాలు మరో దేశంలో గడిపేవారు. బస ఎక్కువగా సభ్యుల ఇళ్లలోనే. అసలు పట్టు అక్కడే ఉంది: ఒకే కంచం దగ్గర కూర్చుంటే సభల్లో అడగలేని ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

మన దగ్గర చూపించడానికి కొదవా? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసే పనితనం ఉంది. కారణం పూర్తిగా తేలని ఉద్దానం కిడ్నీ జబ్బు విదేశీ పరిశోధకులనూ రప్పించింది. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. కానీ వచ్చినవాళ్లు రోగులతో ఫొటోలు దిగి వెళ్తే ఉపయోగం లేదు. మన డయాలిసిస్ నర్సూ వాళ్ల ఆసుపత్రిలో పని చూసి రావాలి. పాత రోటరీ పథకంలో బృందాలు రెండు వైపుల నుంచీ వెళ్లేవి.