మొహం మీద నిజం చెప్పేవాణ్ని వదులుకోకండి

ప్లేస్‌మెంట్ టెస్టుల మధ్యలో రెండు గంటలు దొరికితే ‘సిటిజన్ కేన్’ చూడండి. 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఇది. తీసి, హీరోగా నటించిన ఆర్సన్ వెల్స్‌కు అప్పటికి పాతికేళ్లే.

సినిమాలో కేన్ కూడా పాతికేళ్లకే పెద్ద ఆస్తికి యజమాని అవుతాడు. ఓ పత్రికను చేతిలోకి తీసుకుని, వార్తలు నిజాయతీగా ఇస్తానని, సామాన్యుల హక్కుల కోసం పోరాడతానని కాగితం మీద రాసి సంతకం పెడతాడు. స్నేహితుడు లీలండ్ ఆ కాగితం దాచుకుంటాడు.

కేన్ ఎదుగుతాడు. పత్రికలు పెరుగుతాయి. గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిపోతాడు. రెండో భార్యను ఎలాగైనా గొప్ప గాయనిని చేయాలని ఏకంగా ఒపెరా హౌస్ కట్టిస్తాడు. ఆమె పాట బాగాలేదని రాసిన లీలండ్‌ను ఉద్యోగంలోంచి తీసేస్తాడు. లీలండ్ ఆ పాత కాగితాన్ని తిప్పి పంపిస్తే చింపి పారేస్తాడు. చివరికి భార్య కూడా వెళ్లిపోతుంది. అంత పెద్ద భవనంలో పనివాళ్లు తప్ప ఎవరూ లేకుండా కన్నుమూస్తాడు.

ఇదేదో అమెరికా గొడవ అనుకోకండి. మీ కొలిమిగుండ్లకు దగ్గర్లోని తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి ఇలాంటి మనిషి కథే 1954లో ‘పెద్దమనుషులు’గా తీశారు. నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం దానికి స్ఫూర్తి. ఊరంతా దండం పెట్టే మున్సిపల్ ఛైర్మన్ ధర్మారావు అసలు రంగు అందులో చూస్తాం. ‘మాయాబజార్’ ఎన్నిసార్లో చూసుంటారు, ఈసారి ఇది చూడండి.

ఇంకా ఉద్యోగమే రాలేదు, మాకెందుకివన్నీ అంటారా? మొదలయ్యేది ఇక్కడే. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టును రెజ్యూమేలో సొంతదిగా రాసినప్పుడు, ‘ఇది నువ్వు చేసింది కాదు కదరా’ అన్న ఫ్రెండును పక్కన పెడతాం. ఇంటర్వ్యూలో ‘ఈ మాడ్యూల్ ఎలా పనిచేస్తుంది?’ అని అడిగితే, అప్పుడు ఆ ఫ్రెండు గుర్తొస్తాడు.

అందుకే ఒక పని చేయండి. ఉద్యోగం కోసం ఏయే అబద్ధాలు ఆడకూడదనుకుంటున్నారో ఇవాళే రెండు లైన్లు రాయండి. రెజ్యూమేతో పాటు ఆ కాగితాన్ని కూడా మిమ్మల్ని మొహమాటం లేకుండా తిట్టగల ఫ్రెండుకు ఇవ్వండి. ఆఫర్ లెటర్ వచ్చాక కూడా అతని దగ్గరే ఉండనివ్వండి.