నోరులేని జీవి నోటికి జబ్బు చేస్తే

మన పల్లెల్లో ఆవో, గేదెయో, మేకలో, కోళ్లో లేని పెరడు అరుదు. వాటితోపాటు కొన్ని ఇండ్లలో కుందేళ్లు కూడా కనిపిస్తుంటాయి. పిల్లలు ముచ్చటపడి సంతలోనుండి కొనిపించుకున్నవి కొన్ని, చుట్టాలు ఇచ్చినవి కొన్ని. కుందేలు అరవదు, ఇల్లు పాడుచేయదు, గుప్పెడు గరిక వేస్తే తృప్తిపడుతుంది. అయితే దాని మౌనములోనే ఒక చిక్కు ఉన్నది. ఆకలైతే గేదె అరుస్తుంది, దెబ్బ తగిలితే కుక్క కుయ్యిమంటుంది. కుందేలు మాత్రము నొప్పిని దాచుకుంటుంది. జబ్బుపడినట్టు కనిపిస్తే నక్కకో గద్దకో దొరికిపోతుంది గనుక, సృష్టికర్త దానికిచ్చిన స్వభావమే అది. అందుచేత అది మేత మానేసిందని మనము గమనించేసరికే జబ్బు చాలావరకు ముదిరి ఉంటుంది.

సాకుడు కుందేళ్లకు తరచుగా వచ్చే జబ్బులలో పళ్ల జబ్బు ముఖ్యమైనది. మా ఇంటిలో పెరిగిన ఒక కుందేలుకు ముందు పళ్లు ఆరూ తీయించి, కోలుకునేదాకా చూసుకోవలసి వచ్చింది. ఆ అనుభవమును, పశువైద్యులవద్ద మేము తెలుసుకున్న సంగతులను మన కుటుంబాల మేలుకొరకు ఇక్కడ పంచుకుంటున్నాము.

పెరుగుతూనే ఉండే పళ్లు

కుందేలుకు మొత్తము 28 పళ్లు. ముందు భాగములో పైన నాలుగు, క్రింద రెండు ఉంటాయి. పైనున్న రెండు పెద్ద పళ్ల వెనుక మరి రెండు చిన్న పళ్లు దాగి ఉంటాయి. మిగిలిన 22 నమిలే దవడ పళ్లు. మన పళ్లవలె ఇవి ఒకసారి మొలిచి ఆగిపోవు, బ్రతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అంటే అరగకపోతే ఏడాదికి 10 సెంటీమీటర్లు దాటుతాయన్నమాట!

ఈ పెరుగుదలకు దేవుడు పెట్టిన ఆకురాయి గడ్డి. గరుకు గడ్డిని గంటల తరబడి అటూ ఇటూ నమిలినప్పుడు పళ్లు ఒకదానితో ఒకటి రాసుకొని సమముగా అరుగుతాయి. గడ్డి తక్కువై దాణా, అన్నము, రొట్టె, బిస్కెట్లు, క్యారెట్ ముక్కలు ఎక్కువైతే పళ్లు అరగవు. దవడ పళ్ల అంచులు ముళ్లవలె పెరిగి, క్రిందివి నాలుకను, పైవి బుగ్గను కోస్తాయి. వేర్లు వెనుకకు పెరిగి కంటి నీటి గొట్టమును నొక్కుతాయి. ఒక్కొక్కప్పుడు దవడలో చీముగడ్డ కడుతుంది. కుందేలు చీము జున్నులాగ గట్టిగా ఉంటుంది గనుక గడ్డను చీల్చినంత మాత్రాన కారిపోదు.

పొట్టి మూతి జాతులలో పుట్టుకతోనే పైపళ్లు, క్రిందిపళ్లు కలవకపోవడము కూడా ఉన్నది. ఇది వంశపారంపర్యముగా వస్తుంది గనుక అటువంటి కుందేళ్లను పిల్లలకు కట్టకూడదు.

లేవీయకాండములో కుందేలు

లేవీయకాండము 11వ అధ్యాయములో కుందేలు పేరు నెమరువేయు జంతువుల వరుసలో వస్తుంది. కుందేలుకు ఆవువలె నాలుగు గదుల కడుపు లేదు. అయినా అది తన మేతను రెండుసార్లు జీర్ణము చేసుకుంటుంది. తిన్న గడ్డిలో కొంత భాగము అంధనాళమనే సంచిలో పులిసి, మెత్తని గుత్తులుగా బయటకు వస్తుంది. వాటిని అది నేరుగా నోటితో అందుకొని తిరిగి మ్రింగుతుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి ఈ విధముగా అందుతాయి. మనము ఊడ్చిపారవేసే గట్టి పెంటికలు వేరు.

పళ్లు నొప్పిగా ఉన్నప్పుడు కుందేలు ఆ మెత్తని గుత్తులను తినలేదు. అవి వెనుకభాగమున అంటుకుపోతాయి. ఈ సంగతి తెలియని వారు దానికి విరేచనాలు పట్టుకున్నాయని పొరబడతారు.

ముందుగా కనిపించే గుర్తులు

గడ్డము, మెడ క్రింద బొచ్చు చొంగతో తడిసి ఉండడము, ఒక కన్ను నీరు కారడము, మేతవద్దకు ఆశగా వచ్చి, నోటిలో పెట్టుకొని, వదిలివేయడము, గడ్డి మాని మెత్తనివి మాత్రమే ఏరుకొనడము, పెంటికలు చిన్నవిగా, తక్కువగా రావడము, బరువు తగ్గడము. ఇవి పళ్ల జబ్బుకు గుర్తులు. మూలకు చేరి, వీపు గూనుగా పెట్టి, కండ్లు సగము మూసి, పళ్లు గట్టిగా పటపటలాడిస్తూ ఉంటే అది నొప్పితో బాధపడుతున్నదని అర్థము.

పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా రేపు చూద్దామనుకోకూడదు. కుందేలు ప్రేగులు ఎల్లప్పుడూ కదులుతూ ఉండాలి. అవి నిలిచిపోతే కడుపు ఉబ్బుతుంది, కాలేయము పాడవుతుంది, ప్రాణముమీదికి వస్తుంది.

వైద్యము

పెరిగిన ముందు పళ్లను గోళ్ల కత్తెరతోనో, కటింగు ప్లేయరుతోనో తుంచే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. దయచేసి అలా చేయకండి. పన్ను నిలువునా చీలి, వేరువద్ద చీము పడుతుంది. డాక్టరుగారు తిరిగే ఆకురాయివంటి పరికరముతో పళ్లను అరగదీస్తారు. దవడ పళ్లను సరిచేయడానికి మత్తు ఇవ్వవలసి ఉంటుంది. ముందు పళ్లు పదే పదే వంకరగా పెరుగుతుంటే ఆరింటినీ తీసివేయడమే మేలు. పెదవులతో మేతను అందుకొని, దవడ పళ్లతో నమిలి కుందేలు హాయిగా బ్రతుకుతుంది. మాది అలాగే బ్రతికింది.

మనుష్యులకువలె ఆపరేషనుకు ముందు రాత్రంతా పస్తు ఉంచనక్కరలేదు. కుందేలు వాంతి చేసుకోలేదు. పైగా ఖాళీ కడుపు దానికి అపాయము. ఈ విషయము డాక్టరుగారితో ముందుగా మాట్లాడుకోవాలి. కుందేళ్లకు మత్తు ఇవ్వడము అందరు పశువైద్యులకు అలవాటు ఉండదు. అడగడానికి మొహమాటపడవద్దు. దగ్గరలో అలవాటున్నవారు లేకపోతే తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగర్ వంటిచోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి.

ఇంటికి తెచ్చిన రోజు

మత్తు దిగే వేళ కుందేలు ఒళ్లు చల్లబడుతుంది. దాని మామూలు వేడిమి 101 నుండి 104 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మనకంటే ఎక్కువ. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టాలి. అది వేడనిపిస్తే ప్రక్కకు జరగడానికి చోటు ఉండాలి. పాత దుప్పటి పరచి, ఎక్కి దూకే ఎత్తులేమీ లేకుండా, కుక్కలు, పిల్లుల అలికిడి లేని గదిలో ఉంచాలి. చెవులు పట్టి ఎన్నడూ ఎత్తరాదు. ఒక చేయి రొమ్ము క్రింద, మరొక చేయి వెనుక కాళ్ల క్రింద పెట్టాలి. వెనుక కాళ్లకు ఆనిక లేక తన్నుకుంటే వెన్ను విరగవచ్చు.

నీళ్లు వెడల్పాటి చిన్న మట్టి మూకుడులో పెట్టండి. నోరు నొచ్చినప్పుడు సీసా గొట్టమును నాకలేదు. కొత్తిమీర, ముల్లంగి ఆకులు, లేత గరిక సన్నగా తరిగి, తడిపి ముందు ఉంచండి. కొన్ని ఆ సాయంత్రమే తింటాయి. తినకపోతే మనమే తినిపించాలి.

సిరంజితో తినిపించడము

కుందేళ్లకొరకు అమ్మే గుళికల దాణాను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా నూరి, సిరంజిలో దిగేంత పలుచగా చేసుకోవాలి. మందులషాపులో సూది లేని సిరంజి తెచ్చుకుంటే చాలు. పాలు, పంచదార నీళ్లు, గంజి పోయరాదు. దాని ప్రేగులకు కావలసినది పీచు.

కుందేలును తువ్వాలలో చుట్టి, నాలుగు కాళ్లమీద కూర్చున్నట్టే ఒడిలోనో బల్లమీదనో ఉంచాలి. వెల్లకిల పరుండబెట్టకూడదు. ముందు పళ్లకు, దవడ పళ్లకు మధ్య ప్రక్కగా ఖాళీ చోటు ఉంటుంది. సిరంజిని అక్కడనుండి పెట్టి, అర మిల్లీలీటరు వదిలి, అది నమిలి మ్రింగేదాకా ఆగి, తరువాత మరికొంత వదలాలి. తొందరపడి చిమ్మితే ఊపిరితిత్తులలోకి పోతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల చొప్పున, నాలుగైదు పూటలుగా పంచి ఇవ్వవచ్చు. మీ కుందేలుకు ఎంత కావాలో డాక్టరుగారినే అడగండి. కడుపు ఉబ్బి గట్టిగా ఉంటే బలవంతముగా తినిపించక, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రోజూ ఒకే వేళకు తూచండి. కిరాణా కొట్టు త్రాసైనా పనికివస్తుంది. పెంటికలు లెక్కపెట్టి ఒక నోటుబుక్కులో వ్రాయండి. మా ఇంటిలో ఆ పని పిల్లలకే అప్పగించాము. మొదటి రోజు ఏడు, రెండవ రోజు పందొమ్మిది, నాలుగవ రోజు లెక్కపెట్టలేనన్ని! పరీక్షలో మార్కులు వచ్చినంత సంబరపడ్డారు పిల్లలు.

మందుల విషయములో

నొప్పి తగ్గే మందును డాక్టరుగారు చెప్పినన్ని రోజులు ఇవ్వాలి. నొప్పి ఉన్న కుందేలు తినదు, తినని కుందేలు కోలుకోదు. రెండవ రోజున హుషారుగా ఉన్నదని మందు ఆపివేయరాదు.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఇంటిలో పిల్లలకు వాడగా మిగిలిన మందులు కుందేలుకు పోయవద్దు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ వంటివి నోటిద్వారా ఇస్తే కుందేలు ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, విషము పుట్టి, ప్రాణము పోతుంది. మనుష్యులకు మేలుచేసిన మందే దానికి మృత్యువవుతుంది.

ఎండ, ఈగ, తోడు

వేసవిలో మన ప్రాంతపు ఎండ కుందేలుకు పెద్ద శత్రువు. దానికి చెమట పట్టదు, చెవులద్వారానే వేడిని పోగొట్టుకుంటుంది. రేకుల కప్పు క్రింద గూడు పెట్టవద్దు. చెట్టునీడన ఉంచి, తడి గోనెపట్టాలు వ్రేలాడదీసి, గాలి ఆడేలా చూడాలి.

జబ్బు కుందేలు తన వెనుకభాగమును శుభ్రము చేసుకోలేదు. అక్కడ ఈగ గ్రుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగు పట్టవచ్చు. పొద్దున, సాయంకాలము చూసి, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. నిండా స్నానము చేయించరాదు.

కుందేలుకు జోడు ఉంటే వేరుచేయకండి. ఆసుపత్రికి కూడా రెండింటినీ ఒకే బుట్టలో తీసుకువెళ్లడము మంచిది. తోడు తింటుంటే చూసి ఇదీ మూతి పెడుతుంది.

మరల మేత పట్టిన తరువాత

ముందు పళ్లు తీసిన కుందేలుకు గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా తరిగి వేయాలి. ఇది జీవితాంతము చేయవలసిన పని. బొచ్చు దువ్వుకోవడానికి కూడా దానికి ముందు పళ్లే సాధనము గనుక, ఇకమీదట మనమే మెత్తని బ్రష్షుతో దువ్వాలి. దవడ పళ్లు అరగదీసిన కుందేలుకైతే అవి మరల పెరుగుతాయి. కొన్నింటికి ఒకటి రెండు నెలలకే తిరిగి చూపించవలసి ఉంటుంది. ఏ కుందేలుకైనా మేతలో అధికభాగము గడ్డే ఉండాలి. గరిక, ఎండుగడ్డి పుష్కలముగా, ఆకులు కొంచెము, దాణా గుప్పెడులోపు, క్యారెట్, పండు ఎప్పుడైనా ఒక ముక్క.

కుందేలుకు ఇంత ఖర్చా?

ఈ ప్రశ్న మమ్మును చాలామంది అడిగారు. కుందేలు వెలకంటే వైద్యము వెల ఎన్నో రెట్లు. ప్రక్కింటివారికి మందులకు డబ్బులేనప్పుడు కుందేలుకు ఖర్చుపెట్టడము న్యాయమా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొరుగువాని అక్కర తీర్చడము మన విధి, దానికి బదులుగా మరేదీ నిలువదు. అయితే సామెతలు 12వ అధ్యాయము పదవ వచనము నీతిమంతుని గుర్తులలో ఒకటిగా తన పశువుయెడల అతడు చూపే దయను పేర్కొంటున్నది. యోనా గ్రంథము చివరి మాటలలో నీనెవె పిల్లలతోపాటు పశువులను కూడా దేవుడు జ్ఞాపకము చేశాడు. నాతాను దావీదుకు చెప్పిన కథలో బీదవాడు తన ఒక్క గొఱ్ఱెపిల్లకు తన ముద్దలోనుండి పెట్టాడు. వాడు వ్యర్థుడని రాజు అనలేదు. ఆ పిల్లను లాక్కున్న ధనవంతునిమీదనే మండిపడ్డాడు.

మన చేతిక్రింద గూటిలో పెట్టుకున్న ప్రాణికి వేరే దిక్కు లేదు. అందుకే తెచ్చుకొనకముందే ఆలోచించాలి. ఎనిమిది పదేండ్లు బ్రతికే జీవిని సాకగలమా, జబ్బు చేస్తే చూపించగలమా అని కుటుంబమంతా కూర్చొని మాట్లాడుకోవాలి. చూడలేమనుకుంటే తేకపోవడమే దయ. పొలములో దొరికిన అడవి కుందేలును మాత్రము తెచ్చి పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుతున్నది.

అన్ని కుందేళ్లూ కోలుకోవు. దవడ ఎముకలోకి చీము పాకి, నొప్పి తీరే దారి లేనప్పుడు బాధలేకుండా నిద్రపుచ్చమని డాక్టరుగారు సలహా ఇవ్వవచ్చు. అప్పుడు పిల్లలకు అబద్ధము చెప్పకండి, ఎవరికో ఇచ్చేశామనకండి. వారిని ఏడవనివ్వండి, పెరటిలో పాతిపెట్టేటప్పుడు ప్రక్కన నిలువనివ్వండి. పిచ్చుక నేలరాలడము కూడా తండ్రికి తెలియకుండ జరుగదని ప్రభువు చెప్పిన మాట ఆ వేళ వారికి చెప్పండి.

ఒక చిన్న జీవికి రోజుకు నాలుగు పూటలు ఓర్పుతో తినిపించిన పిల్లవాడు రేపు మంచములోనున్న తాతకు గంజి పట్టడానికి విసుగుకోడు. మన ఇండ్లలో ఉన్న నోరులేని ప్రాణులను ఈ వారమే ఒకసారి దగ్గరగా చూడండి. గడ్డము తడిసి ఉన్నదేమో, మేత మిగిలిందేమో గమనించండి. ఆలస్యము కాకముందే డాక్టరుగారికి చూపించండి. దేవుడు మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణముయెడల నమ్మకముగా ఉండే కృప ఆయన మనందరికీ దయచేయును గాక.