మీకు తెలుసా? పాత ప్లేస్టేషన్‌లో మన హైదరాబాద్ హనుమంతుడు

ఆ ఆట మనవాళ్ళు చేసిందే!

ప్లేస్టేషన్ 2 అనగానే జపాన్ ఆటలో, అమెరికా ఆటలో గుర్తొస్తాయి. అదే ప్లేస్టేషన్ 2 కోసం ఒక పౌరాణిక సాహస ఆట హైదరాబాద్‌లో తయారైందని మీకు తెలుసా? దాని పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. 2009లో సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ యూరప్ విభాగం దాన్ని విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే రూపొంది, ఇంట్లో టీవీకి తగిలించుకునే కన్సోల్ మీదికి వచ్చిన తొలి ఆటగా దానికి గుర్తింపు ఉంది. గద పట్టిన బాల హనుమంతుడు దూకుతూ, శత్రువులతో తలపడుతూ ముందుకు సాగుతాడు. ఆయన్ని నడిపించేది ఆడేవాళ్ళే. వీడియో గేములంటే చెవి కోసుకునేవాళ్ళలో కూడా ఈ పేరు విననివాళ్ళు ఎందరో!

డిస్కు విరుదునగర్‌లో, పెట్టె కోవిల్‌పట్టిలో

నాకు ఆ డిస్కు దొరికింది తమిళనాడులో. విరుదునగర్ బజారులో ఒక పాత సామాన్ల అంగడి ఉంది. అక్కడ సినిమా డిస్కుల దొంతర మధ్య ఇరుక్కుని కనిపించింది. పట్టుకుని కోవిల్‌పట్టిలో మా బంధువుల ఇంటికి వెళ్ళాను. తరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం వాళ్ళది. అటక మీది నుంచి పీఎస్2 దించి, దుమ్ము దులిపి, పసుపు, తెలుపు, ఎరుపు తీగలు పాత టీవీకి తగిలించాం. కోవిల్‌పట్టి అంటేనే కడలమిఠాయి కదా! అక్కడి వేరుశనగ, బెల్లం మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పిల్లల వేళ్ళకు ఆ పాకమే అంటుకుని ఉంది. చేతులు కడుక్కుని వస్తేనే డిస్కు ముట్టుకోనిస్తానన్నాను. తెర మీద బాల హనుమంతుడు కనిపించగానే చిన్నవాడు "అవ్వా, ఆంజనేయుడు!" అని అరిచాడు. పెద్దావిడ పీట దగ్గరికి జరుపుకుని, "మెల్లగా నడిపించు నాయనా, స్వామి పడిపోతాడు" అంది. ఆ మాట వినగానే ఈ ఆట గురించి నలుగురికీ చెప్పి తీరాలనిపించింది.

ఆ నీలి స్తంభాలు మీ జ్ఞాపకాలే!

పీఎస్2 పెట్టగానే నల్లటి తెర మీద నీలి కాంతిలో స్తంభాలు లేస్తాయి, చూశారా? చాలామంది అది ఉత్త అలంకారం అనుకుంటారు. నిజానికి మెమరీ కార్డులో నమోదైన ఆటల చరిత్రను బట్టి ఆ స్తంభాలు ఏర్పడతాయి. కొత్త ఆట ఆడితే కొత్త స్తంభం లేస్తుంది, ఆడినకొద్దీ దాని ఎత్తు పెరుగుతుంది. ఆ మెమరీ కార్డు సామర్థ్యం 8 మెగాబైట్లే. ఇప్పుడు ఫోనులో తీసే రెండు, మూడు ఫొటోలు అందులో పడితే గొప్ప. ఒక ఇంటి పిల్లల ఏళ్ళ తరబడి ఆటలన్నీ అంత చిన్న చోటులోనే ఒదిగిపోయాయి. పాత కార్డు దొరికితే చెరిపేయకండి.

డిస్కు అడుగు రంగు ఏం చెబుతుంది?

పీఎస్2 ఆట డిస్కును తిరగేసి చూడండి. అడుగు నీలంగా ఉంటే అది సీడీ, వెండి రంగులో మెరిస్తే డీవీడీ. చిన్న ఆటలు సీడీలో సరిపోయేవి, పెద్దవి డీవీడీలో వచ్చేవి. డిస్కుకు మరక పడితే గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. సమాచారం డిస్కు చుట్టూ చుట్టలుగా నమోదై ఉంటుంది. అదే దారిలో గీత పడితే వరుసగా చాలా సమాచారం పోతుంది. గీత అడ్డంగా పడితే తప్పిన కొద్ది ముక్కను యంత్రం సరిచేసుకోగలదు.

అమెరికా నుంచి తెచ్చిన పెట్టెలో ఆడదు!

అమెరికాలో ఉన్న మన చుట్టాలు ఈ డిస్కు కొనుక్కుని వెళ్తే ఏమవుతుందో తెలుసా? అక్కడి పీఎస్2లో అది నడవదు. మన దేశంలో అమ్మిన పీఎస్2లు, వాటి డిస్కులు పాల్ అనే టీవీ పద్ధతివి, అమెరికావి ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతివి. ఒక ప్రాంతం డిస్కును మరో ప్రాంతం యంత్రం చదవకుండా కంపెనీయే తాళం వేసింది. పైగా అమెరికాలో అమ్మిన తొలి తరం పెద్ద పీఎస్2 అక్కడి 120 వోల్టుల కరెంటుకు చేసినది. దాన్ని మన ప్లగ్గులో నేరుగా పెడితే మాడిపోతుంది. హైదరాబాద్‌లో పుట్టిన ఆట అట్లాంటాలోని తెలుగింటి పిల్లలకు అందకపోవడానికి ఈ తాళం కూడా ఒక కారణం.

మంచి కథ, ఆలస్యపు ముహూర్తం

పీఎస్2 జపాన్‌లో విడుదలైంది 2000 మార్చి 4న. పదిహేను కోట్లకు పైగా అమ్ముడై, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన కన్సోల్‌గా పేరు తెచ్చుకుంది. దాని మెమరీ 32 మెగాబైట్లు, ప్రాసెసర్ వేగం సుమారు 294 మెగాహెర్ట్జ్. 2006 చివర్లో పీఎస్3 వచ్చేసింది. అంటే 2009లో మన హనుమంతుడు అడుగుపెట్టేనాటికే గేమింగ్ పత్రికల చూపు పీఎస్3 మీద ఉంది. ఆటలోని లోపాలను సమీక్షకులు గట్టిగానే ఎత్తిచూపారు. వాళ్ళు చూసిన లోపాలు నిజమే. కానీ పాశ్చాత్య స్టూడియోలు ముప్పై ఏళ్ళ అనుభవంతో చేస్తున్న పనిని మనవాళ్ళు తొలిసారి చేశారన్నది కూడా అంతే నిజం. తొలి అడుగును తొలి అడుగులాగే చూడాలి.

గిల్లీదండా ఆడే ప్లేస్టేషన్!

అదే 2009లో హైదరాబాద్ నుంచి మరో ఆట వచ్చింది. గేమ్‌శాస్త్ర అనే సంస్థ తయారుచేసిన 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' అది. కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా లాంటి మన ఆటలే అందులో ఉంటాయి. కరీంనగర్ వీధిలోనో కడప పొలం గట్టునో ఆడుకునే ఆటను జపాన్ యంత్రంలోకి ఎక్కించారు. కన్సోల్ ఆటల విషయంలో హైదరాబాద్ చేసిన ఈ తొలి పనిని మన ఐటీ చరిత్ర రాసేవాళ్ళు ఒక పేజీలోనైనా తలుచుకోవాలి.

దేవుణ్ణి బటన్లతో ఆడించవచ్చా?

'హనుమాన్' ఆట వచ్చినప్పుడు అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. పూజించే దేవుణ్ణి బటన్లతో నడిపించడం చులకన చేయడమే అవుతుందని, ఆటను వెనక్కి తీసుకోవాలని కోరారు. ఆ బాధ భక్తిలోంచి పుట్టింది, దాన్ని తక్కువ చేయలేం. అయితే మన తోలుబొమ్మలాటలో హనుమంతుడి బొమ్మను కర్రకు కట్టి, దీపం ముందు ఎగిరించి, లంక కాల్చి చూపించారు. చూసిన జనం నవ్వారు, దండమూ పెట్టారు. రామాయణాన్ని యక్షగానంగా ఆడారు, సినిమాగా తీశారు, బొమ్మల కథగా అచ్చేశారు. మనసులో గౌరవం ఉంటే ఏ సాధనంతో చెప్పినా కథ మైల పడదు. కోవిల్‌పట్టి అవ్వ నోట వచ్చిన "స్వామి" అన్న పిలుపే నాకు సాక్ష్యం.

పేరు దాచిన చుక్క

కన్సోల్ మీద సాహస ఆటలకు తాత లాంటిది అటారీ 2600 మీద 1980లో వచ్చిన 'అడ్వెంచర్'. మూడు కోటలు, మూడు డ్రాగన్లు, మాయపాత్ర కోసం వెతుకులాట, ఇదంతా 4 కిలోబైట్లలో ఇమిడింది. అందులో హీరో ఒక చిన్న చతురస్రం, అంతే! రాసింది వారెన్ రాబినెట్ ఒక్కడే. అప్పట్లో అటారీ కంపెనీ ఆట మీద తయారుచేసినవాళ్ళ పేరు వేసేది కాదు. అందుకని ఆయన ఆటలోనే ఒక రహస్య గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. కంటికి కనిపించీ కనిపించని ఒక బూడిదరంగు చుక్కను పట్టుకుని వెళ్తేనే ఆ గది తెరుచుకుంటుంది. సాల్ట్‌లేక్ సిటీకి చెందిన పదిహేనేళ్ళ కుర్రాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. ఒక మనిషి పని గుర్తింపుకు నోచుకోవాలంటే శ్రద్ధగా ఆడేవాడు ఒక్కడుంటే చాలు.

నూటికి ఎనభై ఏడు దొరకవు!

2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం వెలువరించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని తేల్చింది. గేమింగ్‌కు పెద్ద మార్కెట్ అయిన అమెరికాలోనే పరిస్థితి ఇలా ఉంటే, మన దేశంలో తక్కువ కాపీలతో వచ్చిన ఆటల గతి ఊహించుకోవచ్చు. పుస్తకానికి గ్రంథాలయం ఉంది, సినిమాకు పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ఆటలను మాత్రం ఇప్పటికీ పిల్లల కాలక్షేపంగానే చూస్తున్నాం. ఆట కూడా రచన, చిత్రలేఖనం, సంగీతం, గణితం కలిసిన కళాఖండమే.

మరుగున పడినవి తిరిగి రావా? వస్తాయి!

2006లో పీఎస్2 మీదే 'ఒకామీ' అనే జపాన్ ఆట వచ్చింది. జపాన్ పురాణాల్లోని సూర్యదేవత అమతెరాసు తెల్లని తోడేలు రూపంలో లోకాన్ని కాపాడే కథ అది. విమర్శకులు మెచ్చుకున్నారు కానీ అమ్మకాలు మాత్రం అంతంతమాత్రం. దాన్ని చేసిన క్లోవర్ స్టూడియో 2007లో మూతపడింది. అయినా ఆడినవాళ్ళు ఆ ఆటను వదల్లేదు, చెప్పుకుంటూనే వచ్చారు. 2012లో పీఎస్3 మీద కొత్త మెరుగులతో మళ్ళీ విడుదలైంది. 2024 డిసెంబరులో దాని తర్వాతి భాగాన్ని ప్రకటించారు. తమ పురాణాన్ని ఆటగా చేసుకోవడంలో జపాన్ వాళ్ళు సిగ్గుపడలేదు, మొదటిసారి అమ్ముడుపోలేదని పారేసుకోలేదు. మనం నేర్చుకోవాల్సింది అదే.

కానుగ చెట్ల వంతెన

ఇంతకీ కోవిల్‌పట్టి గడ్డ మీదే ఒక గొప్ప సాహస ఆటకు కావలసిన కథ ఉందని తెలుసా? తొట్టియర్లు, కంబళత్తార్లు అని పిలిచే తెలుగువాళ్ళ వలసగాథ అది. ఉత్తరాన ఒక పాలకుడు వాళ్ళ పిల్లను కోరాడట. ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రే దక్షిణానికి బయలుదేరారట. వెనక సైన్యం, ముందు పొంగే ఏరు. అప్పుడు రెండు ఒడ్డుల మీది కానుగ చెట్లు వంగి, కొమ్మలు కలుపుకుని వంతెనగా మారాయట. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో ఈ గాథ నమోదై ఉంది. వెంటాడే శత్రువు, దాటాల్సిన నది, కరుణించిన చెట్టు! సాహస ఆటకు ఇంతకంటే ఏం కావాలి?

కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్ అనే పల్లె ఉంది. తమిళ సాహిత్యానికి ఇద్దరు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార గ్రహీతలను ఇచ్చిన ఊరది: కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్. కి.రా. ఇంటి భాష తెలుగు. తెలుగువాళ్ళు ఈ నల్లరేగడి నేలకు తరలివచ్చి ఊరు కట్టుకున్న వైనాన్ని 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో అకాడమీ పురస్కారం వచ్చింది. కి.రా. 2021లో కన్నుమూశారు. ఆయన కథను కాగితం మీద నిలిపారు. తెర మీద నిలపడం ఇప్పటి కుర్రకారు వంతు.

ఒకే రోడ్డు!

హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై దాటి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టిల మీదుగా కన్యాకుమారి చేరుతుంది. ఒక కొసన ఆటలు చేసే నేర్పుంది, మరో కొసన చెప్పని కథలున్నాయి. రెండూ తెలుగువాళ్ళవే. ఈ రెండూ కలవడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి.

మీ ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

అటక మీద, బీరువా అడుగున ఓసారి వెతకండి. 'హనుమాన్', 'దేశీ అడ్డా' డిస్కులు దొరికితే చెత్తబండికి వేయకండి. ఎండ, తేమ తగలని చోట పెట్టెలో నిలువుగా పెట్టండి. అట్టను, లోపలి చిన్న పుస్తకాన్ని, డిస్కును ఫొటో తీసి ఉంచండి. అందులో తయారుచేసినవాళ్ళ పేర్లుంటే రాసి పెట్టండి. యంత్రం పనిచేస్తుంటే పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించండి, ఇది హైదరాబాద్‌లో చేశారని చెప్పండి. ఈసారి వాళ్ళు "ఇంకేం ఆటలున్నాయి మనవి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా కొత్త ఆటలు చేసేవాళ్ళు కూడా ఆ పిల్లల్లోంచే రావాలి.