డ్రాగన్ ఆకుకూర ఎందుకు తినదు?

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఓ ఫ్లాటు. గాజు పెట్టెలో బియర్డెడ్ డ్రాగన్. పుట్టిల్లు ఆస్ట్రేలియా ఎండ నేలలు; మన కంచెమీది తొండకు చుట్టమే. పురుగు కనిపిస్తే దూకుతుంది, ఆకుకూర పెడితే మొహం తిప్పేస్తుంది. ఎందుకర్రా?

పిల్లప్పుడు చకచకా ఎదగాలి కనుక దానికి పురుగులే ఎక్కువ కావాలి. పెద్దయ్యాక ఆకులే ప్రధానం, కానీ పాత రుచి అంత తొందరగా పోతుందా! ఇంకో చిక్కు: దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. చలికి ఇడ్లీపిండి పులియనట్టే, ఏసీ గదిలో దానికి తిండి సరిగా అరగదు, ఆకలీ వేయదు. అందుకే పెట్టెలో ఓ మూల దీపం కింద 40 డిగ్రీల దాకా వేడి ఉండాలి.

ఒళ్లు వెచ్చబడ్డాక, పురుగులకంటే ముందు సన్నగా తరిగిన ఆకులు పెట్టండి. కదిలేదే తిండని దాని లెక్క. ఆకును కాస్త ఊపి చూడండి. పాలకూర మాత్రం రోజూ వద్దు. అందులోని ఆక్సలేట్లు ఎముకలకు కావలసిన కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.