మలుపులలో కారు నిలుకడ

మా యింట పాత అంబాసిడరు కారొకటి కలదు. క్రొత్తది కొందమన్న, ఆ జాతి కార్ల నిర్మాణము 2014లోనే నిలిచిపోయినది. ఘాటు మలుపులలో మా కారు ఊగి ఒరుగుటచే, వెనుక కూర్చున్న మా తల్లిగారు భయపడుచుండిరి. కారణము వెదకితిని.

ఈ కారునకు ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు ఆధారములు. వాని కీళ్లలోని రబ్బరు బుష్షులు ఏండ్లు గడచి అరిగినవి. షాకు అబ్సార్బరులు నీరసించినవి. ముందుగా వీనినే మార్చి, టైర్లలో గాలి సరిచేసితిని. సగము దోషము అంతటితోనే తొలగెను. బుష్షుల బోల్టులకు తుది బిగింపు కారు తన చక్రములపై నిలిచిన పిమ్మటనే చేయవలెను. లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును.

మిగిలిన ఒరుగుటకై ముందుభాగమున యాంటీరోల్ బారు అమర్చితిని. ఇదియొక ఉక్కు కడ్డీ. కారు ఒరిగినపుడు మెలిపడి, ఆ ఒరుగుటను ఎదిరించును. అయితే కడ్డీ మితిమీరి లావైనచో ముందుచక్రములు పట్టు కోల్పోయి, కారు మలుపు తిరుగక నేరుగా పోజూచును. కావున మితము మేలు.

జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరకుడు. గట్టి స్టాండ్లపై నిలుపుడు.

మొన్న అదే ఘాటులో మా తల్లిగారు నిశ్చింతగా నిదురించిరి.